చిత్తూరు మస్టాంగ్‌ని ఏ వరసలో పెట్టాలి? కార్ల రకాలు తేల్చడంలో సాయం కావాలి

ఎయిర్‌బైపాస్_కుర్రోడు:

అన్నలకూ అక్కలకూ నమస్కారం. మాది తిరుపతి. కార్ల పిచ్చి ఉన్నవాళ్లం కొంతమందిమి ఆదివారం పొద్దున్నే ఎయిర్ బైపాస్ రోడ్డులో కలుసుకుని, చంద్రగిరి వైపు వెళ్లి టిఫిన్ చేసి వస్తుంటాం. ఈసారి కాస్త పెద్దగా చేద్దామని చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి వాళ్లను కూడా పిలిచాం. ఊరి బయట ఒక కల్యాణ మండపం ముందున్న ఖాళీ స్థలం మాట్లాడాం. కార్లను రకాల వారీగా వరసల్లో నిలబెట్టి, ఒక్కో వరస ముందు ఒక బోర్డు పెట్టాలని అనుకున్నాం. చుట్టుపక్కల స్కూలు పిల్లలు కూడా చూడటానికి వస్తారు కాబట్టి బోర్డులు సరిగ్గా ఉండాలి. రాసే పని నాకు అప్పగించారు. గొడవ అక్కడే మొదలైంది.

వచ్చే కార్లు ఇవి: పోలో జీటీ టీఎస్‌ఐలు, ఒక ఐ20 ఎన్ లైన్, టియాగో జేటీపీ, అబార్త్ పుంటో, ఆక్టేవియా ఆర్‌ఎస్ 245, బీఎండబ్ల్యూ ఎం340ఐ, ఎలక్ట్రిక్ కారు బీవైడీ సీల్. చిత్తూరు నుంచి మస్టాంగ్ జీటీ వస్తోంది. బెంగళూరులో ఉండే మా ఫ్రెండ్ వాళ్ల బాబాయి పోర్షే 718 కేమన్ తెస్తానన్నారు. మదనపల్లె నుంచి ఒక పెద్దాయన పాత శాన్ స్టార్మ్ తెస్తున్నారు.

మా వాడొకడు హార్స్‌పవర్‌ని బట్టి పెట్టమంటాడు. 200 లోపు హాట్ హ్యాచ్, 400 దాకా స్పోర్ట్స్ కారు, ఆపైన సూపర్‌కార్ అని వాడి లెక్క. అలా అయితే మస్టాంగ్ సూపర్‌కార్ అయిపోతుంది, సీల్ దానికంటే పెద్ద సూపర్‌కార్ అయిపోతుంది, శాన్ స్టార్మ్ హాట్ హ్యాచ్‌ల మధ్య నిలబడుతుంది. ఇంకొకడు ధరను బట్టి పెట్టమంటాడు. మరొకడు రెండు డోర్లుంటే స్పోర్ట్స్ కారు, నాలుగుంటే సెడాన్, అంతే అంటాడు. ఏదీ నాకు నచ్చలేదు. నిజంగా కార్లు తెలిసినవాళ్లు ఎలా విడదీస్తారో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

మొగిలిఘాట్:

బ్రో, ఇంత ఆలోచించాల్సిన పని లేదు. 0 నుంచి 100కి ఎన్ని సెకన్లు పడుతుందో చూడు. 8 సెకన్ల లోపు అయితే హాట్ హ్యాచ్, 6 లోపు స్పోర్ట్స్, 4 లోపు సూపర్, 3 లోపు హైపర్. అందరికీ అర్థమయ్యే లెక్క. పికప్ ఉన్నదే పర్ఫార్మెన్స్ కారు.

రేణిగుంటరోడ్డు_గ్యారేజ్:

తమ్ముడూ, మీరు చేస్తున్నది మంచి పని. బోర్డు తప్పు రాస్తే ప్రేమగా కారు తెచ్చినవాడు బాధపడతాడు, చూసే పిల్లలు తప్పు నేర్చుకుంటారు. అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రేణిగుంట రోడ్డులో నాకు ఒక గ్యారేజ్ ఉంది. అంతకుముందు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోటై ట్రాక్‌లో రేసింగ్ టీమ్ ఒకదానికి మెకానిక్‌గా పనిచేశాను. కారు ఏ రకమో నేను లిఫ్ట్ ఎక్కించాకే చెబుతాను. బ్రేక్ డిస్కులు ఎంత పెద్దవి, ఇంజన్ ఎక్కడ కూర్చుంది, రేడియేటర్లు ఎన్ని, డిఫరెన్షియల్ ఏ రకం, సస్పెన్షన్ బుష్‌లు ఎంత గట్టివి, ఇవన్నీ చూస్తే కంపెనీ ఆ కారుని ఏ పనికి తయారుచేసిందో తెలిసిపోతుంది. ఇంకో ప్రశ్న కూడా వేసుకుంటాను. ఆ పని కోసం కంపెనీ ఏం వదులుకుంది? వెనక సీట్లా, డిక్కీయా, ప్రయాణంలో సుఖమా, అందుబాటు ధరా? ఈ రెండింటికీ జవాబు దొరికితే రకం దొరికినట్టే.

మొగిలిఘాట్ గారు చెప్పిన సెకన్ల లెక్క, మీ ఫ్రెండ్ చెప్పిన హార్స్‌పవర్ లెక్క కాలంతో పాటు చెడిపోతాయి. 1966లో లాంబోర్గిని మియూరా వచ్చినప్పుడు దాని 350 హార్స్‌పవర్ చూసి ప్రపంచం నోరెళ్లబెట్టింది. మీ వరసలో నిలబడబోయే ఎం340ఐ దానికంటే ఎక్కువే ఇస్తుంది. అయినా అమ్మానాన్నల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కొండకు వెళ్లి రావచ్చు. అది సూపర్‌కార్ కాదు. అంకె దాటింది కానీ పని వేరు.

ముందు హాట్ హ్యాచ్ సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన రకం ఇదే. రోజూ ఆఫీసుకూ కూరగాయలకూ వాడే చిన్న కారు తీసుకుని, దాని ఉపయోగం ఏమాత్రం తగ్గకుండా ఇంజన్, బ్రేకులు, సస్పెన్షన్ మూడూ పెంచితే హాట్ హ్యాచ్. 1976లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ అమ్మకానికి వచ్చింది. 1.6 లీటర్ల ఇంజన్, 110 హార్స్‌పవర్. కంపెనీ ముందు 5,000 కార్లు అమ్మితే చాలనుకుంది. మొదటి తరమే 4 లక్షల 60 వేలకు పైగా అమ్ముడుపోయింది. మామూలు ఉద్యోగి కొనగలిగిన కారు మలుపుల్లో ఖరీదైన కార్లను వెంటాడటం అప్పటి జనానికి అంతగా నచ్చింది. అంతకుముందు మినీ కూపర్ చేసింది కూడా ఇలాంటి పనే. 1964, 65, 67ల్లో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది.

ఇక్కడ ‘మూడూ పెంచితే’ అన్న మాట ముఖ్యం. నా దగ్గరికి రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించిన పోలోలు చాలా వస్తాయి. పవర్ పెంచుతారు, బ్రేక్ ప్యాడ్‌లు పాతవే ఉంటాయి. తిరుమల నుంచి దిగే రోడ్డులో గేరు వాడకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ప్యాడ్‌లు అద్దంలా నున్నగా అయిపోతాయి, పెడల్ మెత్తబడుతుంది. అలాంటి కారుకు ఎన్ని హార్స్‌పవర్ ఉన్నా నేను హాట్ హ్యాచ్ అనను. కంపెనీ నుంచి వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ 105 హార్స్‌పవర్‌తో చక్కగా, సమతూకంగా ఉండే కారు. కానీ దాని సరైన పేరు వార్మ్ హ్యాచ్. మామూలు కారుకీ హాట్ హ్యాచ్‌కీ మధ్య మెట్టు. ఐ20 ఎన్ లైన్ కూడా అంతే. 120 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, కొంచెం బిగువైన సస్పెన్షన్. విదేశాల్లో అమ్మిన అసలు ఐ20 ఎన్ 204 హార్స్‌పవర్‌ది, అది మన దగ్గరికి రాలేదు.

టియాగో జేటీపీని మాత్రం చిన్నచూపు చూడకండి. కోయంబత్తూరు జయెమ్ వాళ్లు టాటాతో కలిసి 2018లో తెచ్చారు. 114 హార్స్‌పవరే, కానీ సస్పెన్షన్ కిందికి దించారు, టైర్లు వెడల్పు చేశారు, గేర్ల నిష్పత్తి మార్చారు. అంటే పని తెలిసినవాళ్లు కూర్చుని చేసిన కారు. అంకె తక్కువైనా ఉద్దేశం హాట్ హ్యాచ్‌దే. అబార్త్ పుంటో 145 హార్స్‌పవర్‌తో ఆ ధరలో అప్పట్లో ఎవరూ ఇవ్వనంత ఇచ్చింది. పూర్తి స్థాయి హాట్ హ్యాచ్‌లు మన దేశంలో అధికారికంగా అమ్మినవి తక్కువ. 2016లో 192 హార్స్‌పవర్ పోలో జీటీఐ, 2025లో 265 హార్స్‌పవర్ గోల్ఫ్ జీటీఐ, రెండూ కొద్ది సంఖ్యలోనే వచ్చాయి.

స్పోర్ట్స్ కారు అంటే చాలామంది స్పీడ్ అనుకుంటారు. దాని అసలు పని మలుపు. తక్కువ బరువు, కింద కూర్చునే సీటు, చేతికి రోడ్డు తెలిసే స్టీరింగ్, ఇద్దరికే చోటు. వదులుకున్నది వెనక సీట్లు, సామాను. 1989లో మాజ్దా ఎంఎక్స్-5 వచ్చినప్పుడు దానికి 1.6 లీటర్ల ఇంజన్, దాదాపు 115 హార్స్‌పవర్. బరువు వెయ్యి కిలోల లోపు. ఈ రోజు మన ఊళ్లో తిరిగే ఎన్నో కార్లు దానికంటే ఎక్కువ పవర్ ఇస్తాయి. అయినా 10 లక్షలకు పైగా ఎంఎక్స్-5లు తయారయ్యాయి. లోటస్ కార్ల కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ జీవితమంతా నమ్మింది కూడా బరువు తగ్గించడాన్నే. పవర్ పెంచితే తిన్నటి రోడ్డులోనే లాభం. బరువు తగ్గిస్తే బ్రేకు వేసినప్పుడు, మలుపు తిప్పినప్పుడు, మళ్లీ వేగం అందుకున్నప్పుడు, అన్ని చోట్లా లాభం. భాకరాపేట ఘాట్‌లో అదుపులో, హద్దుల్లోనే వెళ్తూ కూడా ఒక తేలికైన కారుని, ఒక బరువైన కారుని నడిపి చూస్తే ఈ తేడా మీకే తెలుస్తుంది.

అందుకే శాన్ స్టార్మ్‌ని దయచేసి హ్యాచ్‌ల మధ్య పెట్టకండి. గోవాలో ఒక చిన్న కంపెనీ 1990ల చివర్లో తెచ్చిన రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు అది. ఫైబర్ బాడీ, 1.2 లీటర్ల రెనో ఇంజన్, 60 హార్స్‌పవర్. ఆ పెద్దాయన ఇన్నేళ్లు ఆ ఫైబర్ బాడీని కాపాడుకుంటూ వచ్చారంటే ఎంత ప్రేమ ఉండాలి! దాని రకం రోడ్‌స్టర్, అంటే స్పోర్ట్స్ కారు కుటుంబమే. కేమన్ పక్కనే దాని చోటు. కేమన్ పవర్ దానికి ఐదు రెట్లు, అయినా రెండింటి ఉద్దేశం ఒకటే. ఈ మాట పిల్లలకు చెబితే వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది.

జీటీ, అంటే గ్రాండ్ టూరర్ కార్లు మీ వరసలో లేవు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వందల కిలోమీటర్లు వేగంగా, అలసట లేకుండా వెళ్లడానికి చేసినవి. ముందు పెద్ద ఇంజన్, మెత్తని సీట్లు, ఇద్దరి సామాను పట్టే డిక్కీ. వదులుకున్నది తేలికదనం. బెంట్లీ కాంటినెంటల్ జీటీ రెండు టన్నుల పైమాటే. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. బ్యాడ్జి మీద జీటీ అని ఉన్నంత మాత్రాన ఆ వరసలో పెట్టకండి. పోలో జీటీ ఉంది, మస్టాంగ్ జీటీ ఉంది, ట్రాక్ కోసం చేసిన పోర్షే 911 జీటీ3 ఉంది. మూడింట్లో ఏదీ ఈ రకం కాదు.

ఇప్పుడు మీ అసలు గొడవ, మస్టాంగ్. అమెరికా వాళ్లు ఇక్కడ రెండు రకాలు చెబుతారు, మనవాళ్లు రెండింటినీ కలిపేస్తారు. 1964లో పాంటియాక్ కంపెనీ మధ్య సైజు టెంపెస్ట్ కారులో 6.4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) పెట్టి జీటీఓ అని అమ్మింది. ఆ పని చేసిన ఇంజనీర్లలో జాన్ డిలోరియన్ ఒకరు. కుటుంబం తిరిగే సాదా బాడీ, దాంట్లో భారీ ఇంజన్, ధర కుర్రాళ్లకు అందేలా. అది మజిల్ కార్. దాని పని తిన్నటి రోడ్డులో సిగ్నల్ నుంచి సిగ్నల్ దాకా పరుగు. వదులుకున్నది మలుపు, బ్రేకు. అదే 1964 ఏప్రిల్‌లో ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది. ఫాల్కన్ అనే మామూలు కారు భాగాల మీద కట్టారు. పొడవైన బానెట్, పొట్టి వెనక భాగం, చిన్న సైజు. మొదట్లో అందులో చౌక రకానికి ఆరు సిలిండర్ల ఇంజన్, నూరు హార్స్‌పవర్ దగ్గర మాత్రమే. డబ్బున్నవాడు వీ8 వేయించుకోవచ్చు, లేనివాడు అందం కోసం ఆరు సిలిండర్లది కొనుక్కోవచ్చు. తొలి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దాన్ని చూసి షెవ్రోలే కమారో లాంటివి వచ్చాయి. ఈ రకాన్ని పోనీ కార్ అంటారు. మజిల్ కార్ల తొలి కాలం 1970ల మొదట్లో ముగిసిపోయింది. ఇన్సూరెన్స్ ఖర్చు పెరిగింది, పొగ నియమాలు గట్టిపడ్డాయి, 1973లో పెట్రోలు సంక్షోభం వచ్చింది.

చిత్తూరు నుంచి వచ్చేది 2016 తర్వాత మన దేశంలో అమ్మిన 5 లీటర్ల వీ8 అయి ఉంటుంది, 400 హార్స్‌పవర్ దగ్గర. ఈ తరం మస్టాంగ్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ విడివిడిగా కదిలేది) కూడా వచ్చింది, మలుపుల్లో పాత వాటిలా తడబడదు. దాని బోర్డు ‘పోనీ కార్’. చాలామంది మజిల్ కార్ అంటారు, అంటే అననివ్వండి, దగ్గరి చుట్టమే. సూపర్‌కార్ మాత్రం కాదు. అది తక్కువ కాబట్టి కాదు. సామాన్యుడికి అందాలని పుట్టిన కారు కాబట్టి. ఆ ఓనర్‌కి ఈ మాట గౌరవంగా చెప్పండి, ఆయన తప్పక ఒప్పుకుంటారు.

సూపర్‌కార్ అంటే రోజువారీ ఉపయోగాన్ని పూర్తిగా పక్కన పెట్టినది. మియూరా పన్నెండు సిలిండర్ల ఇంజన్‌ని సీట్ల వెనక అడ్డంగా పెట్టింది. అప్పటిదాకా అది ఎక్కువగా రేసు కార్ల పద్ధతి. ఆ తర్వాత ఈ రకానికి అదే దారి అయింది. 1987 ఫెరారీ ఎఫ్40 లోపల కార్పెట్ కూడా లేదు. ఆకారం చూసి మోసపోవద్దు కూడా. మన డీసీ అవంతిని చూడండి. ఇంజన్ మధ్యలో, చూడటానికి సూపర్‌కార్. లోపల 2 లీటర్ల రెనో టర్బో, 250 హార్స్‌పవర్. మన దేశంలో ఇలాంటిది తయారుచేసే ధైర్యం చేసినందుకు నాకు అభిమానమే, కానీ నేను దాన్ని స్పోర్ట్స్ కారుగా చూస్తాను.

హైపర్‌కార్‌కి ధర అనే హద్దు కూడా ఉండదు. కొందరు 1992 మెక్‌లారెన్ ఎఫ్1ని మొదటిది అంటారు. డ్రైవర్ మధ్యలో కూర్చునే మూడు సీట్ల కారు, 627 హార్స్‌పవర్, మొత్తం 106 మాత్రమే. నా వరకు 2005 బుగాటి వేరాన్‌తో ఈ రకం గట్టిపడింది. 8 లీటర్లు, 16 సిలిండర్లు, నాలుగు టర్బోలు, 1001 హార్స్‌పవర్, గంటకు 407 కిలోమీటర్లు. నాకు వీటన్నిటికంటే ఆశ్చర్యమనిపించేది దాని రేడియేటర్లు. మొత్తం 10. ఆ వేడిని బయటికి తోయడానికే ఎంత పని చేశారో ఆలోచించండి. 2013లో లాఫెరారీ, మెక్‌లారెన్ పీ1, పోర్షే 918 మూడూ ఇంజన్‌కి కరెంటు మోటార్లు కలిపి వచ్చాక ఈ రకం వేరే కుటుంబంగా నిలబడింది.

ఎం340ఐ, ఆక్టేవియా ఆర్‌ఎస్ స్పోర్ట్స్ సెడాన్‌లు. వాటికి వివాదం లేదు.

పుత్తూరు_టు_పెరంబుదూర్:

గ్యారేజ్ అన్నగారు, చాలా బాగా చెప్పారు. మాది పుత్తూరు, శ్రీపెరంబుదూర్ వైపు ఒక కార్ల ప్లాంటులో సస్పెన్షన్ టెస్టింగ్‌లో ఇంజనీర్‌ని. మీ ‘ఏం వదులుకున్నారు’ అనే కొలత ఎక్కువ చోట్ల నిలుస్తుంది. కానీ రెండు చోట్ల సరిపోదని నా అభిప్రాయం.

ఒకటి పోర్షే 911. 1963లో మొదటిసారి చూపించినప్పటి నుంచి ఇంజన్ వెనక ఇరుసుకు కూడా వెనకే. ముందు డిక్కీ ఉంది, పిల్లలు కూర్చునే వెనక సీట్లున్నాయి, రోజూ ఆఫీసుకు వాడేవాళ్లున్నారు. పెద్దగా ఏమీ వదులుకోలేదు. ఇప్పటి టర్బో ఎస్ సూపర్‌కార్లతో సమానంగా పరుగెడుతుంది. అయినా దాన్ని స్పోర్ట్స్ కారు అనే అంటాం. నిస్సాన్ జీటీ-ఆర్ ఇంకా కష్టం. 2007లో వచ్చింది, ముందు వీ6, నాలుగు సీట్లు, ధర సూపర్‌కార్లలో చాలా తక్కువ. మరుసటి ఏడాది జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌ని 7 నిమిషాల 29 సెకన్లలో చుట్టేసింది. అప్పటి ఎన్నో ఇటలీ కార్ల కంటే ముందు. నేనైతే దాన్ని సూపర్‌కార్‌ల్లోనే పెడతాను. ఎందుకంటే అది ఏ కార్లను ఓడించాలని తయారైందో ఆ కార్ల వరసలోనే దాన్ని కొలవాలి. అంటే పోటీదారు ఎవరు అనేది కూడా ఒక కొలత.

రెండోది, రేసు నియమాల వల్ల పుట్టిన కార్లు. హోమోలోగేషన్ స్పెషల్స్ అంటారు. రేసులోకి కారు దింపాలంటే అదే కారుని ఇన్ని రోడ్డు మీద అమ్మాలని నియమం ఉంటుంది. అప్పట్లో ర్యాలీల గ్రూప్ బీ తరగతికి 200, గ్రూప్ ఏకి మొదట్లో 5,000 ఉండేది. 1986 బీఎండబ్ల్యూ ఎం3 అలా పుట్టింది, లాన్సియా డెల్టా ఇంటెగ్రాలే, లాన్సర్ ఎవల్యూషన్ అలా పుట్టాయి. మామూలు లాన్సర్ ఒకప్పుడు మనకు పక్కనే తిరువళ్లూరులో తయారయ్యేది. చెన్నైకి వెళ్లేటప్పుడు ఆ ఫ్యాక్టరీ దాటి వెళ్లేవాళ్లం, మా నాన్న చూపించేవారు. వీటిని బాడీని బట్టి చూస్తే కొన్ని సెడాన్, కొన్ని హ్యాచ్. కానీ తయారుచేసిన కారణం ఒక్కటే, రేసు గెలవడం. 2020 టొయోటా జీఆర్ యారిస్ కూడా ఆ ఆలోచనతోనే వచ్చింది, 1.6 లీటర్ల మూడు సిలిండర్లతో 260 దగ్గర హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్. దాన్ని ఉత్త హాట్ హ్యాచ్ అంటే నాకు మనసొప్పదు.

బోర్డు రాసే తమ్ముడికి ఇంకో సంగతి. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసులో 2021 నుంచి హైపర్‌కార్ అనే తరగతి ఉంది. అది నియమాల పుస్తకంలోని తరగతి. పవర్‌కి 500 కిలోవాట్ల దగ్గర హద్దు, అంటే 670 హార్స్‌పవర్ దగ్గర. బరువు 1,030 కిలోలకు తగ్గకూడదు. రోడ్డు మీది హైపర్‌కార్లకు అంతకంటే రెట్టింపు పవర్ ఉండొచ్చు. పిల్లలు అడిగితే ఈ రెండూ వేరని చెప్పండి.

ఎయిర్‌బైపాస్_కుర్రోడు:

అన్నా, అక్కా, ఇద్దరికీ చాలా థాంక్స్. మీరు రాసింది మా గ్రూపులో చదివి వినిపించాను. హ్యాచ్‌లు, శాన్ స్టార్మ్, మస్టాంగ్ సంగతి తేలిపోయింది. ఇంకొక్కటే మిగిలింది. బీవైడీ సీల్ తెచ్చే అన్న, ‘నాది 530 హార్స్‌పవర్, 3.8 సెకన్లలో 100 అందుకుంటుంది, కేమన్‌కి దాదాపు 5 కావాలి, నన్ను సెడాన్‌ల్లో ఎందుకు పెడతారు’ అంటున్నాడు. దానికి ఏం చెప్పాలి? ఎలక్ట్రిక్ అని వేరే వరస పెట్టేయనా?

రేణిగుంటరోడ్డు_గ్యారేజ్:

అమ్మా, జీటీ-ఆర్ గురించి మీ మాట నేను ఒప్పుకోను, కానీ పోటీదారుని చూడాలన్నది మంచి కొలత, నా కొలతకు తోడుగా పెట్టుకుంటాను. జీటీ-ఆర్ నాకు ఇప్పటికీ సూపర్‌కార్లను భయపెట్టిన గొప్ప స్పోర్ట్స్ కారే. దాని విలువ అక్కడే ఎక్కువ అనిపిస్తుంది. హోమోలోగేషన్ కార్లకు వేరే బోర్డు ఉండాలన్నది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. ఒక లాన్సర్ ఎవో ఎవరైనా తెస్తే నేను గ్యారేజ్ మూసి మరీ వస్తాను.

తమ్ముడూ, ఎలక్ట్రిక్ అని వేరే వరస పెట్టొద్దు. డీజిల్ కార్లకు వేరే వరస పెట్టడం లేదు కదా. ఇంధనం రకాన్ని నిర్ణయించదు. మోటారు నిల్చున్న చోటి నుంచే పూర్తి టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఇస్తుంది కాబట్టి 0 నుంచి 100 అన్నది ఎలక్ట్రిక్ కారుకి తేలికైన పరీక్ష. అందుకే సెకన్లతో రకం తేల్చే పద్ధతి ఇక పనికిరాదు. సీల్‌ని లిఫ్ట్ ఎక్కించి చూశాను. ఐదుగురు కూర్చునే చోటు, రెండు టన్నులు దాటిన బరువు, ఇంటిల్లిపాదికీ సుఖం. పని స్పోర్ట్స్ సెడాన్‌దే, చాలా వేగంగా చేస్తుంది. ఎం340ఐ పక్కన గర్వంగా నిలబడొచ్చు. కేమన్ ఇంకో పని చేస్తుంది. ఇంజన్ మధ్యలో, ఇద్దరే మనుషులు. మలుపు తర్వాత మలుపు, బ్రేకు తర్వాత బ్రేకు, ట్రాక్ మీద రౌండ్లు తిరుగుతున్నా పట్టు తగ్గకూడదు. ఇరుంగాట్టుకోటై ట్రాక్ ఒక రౌండ్ 3.7 కిలోమీటర్లు. బరువైన కారు అక్కడ ముందు టైర్లని, తర్వాత బ్రేకుల్ని తినేస్తుంది.

ఎలక్ట్రిక్‌లో హైపర్‌కార్లు లేవని కాదు. మహీంద్రా చేతిలో ఉన్న పినిన్‌ఫరీనా పేరుతో వచ్చిన బాటిస్టాకి 1,900 హార్స్‌పవర్, 150 కార్లే చేస్తామన్నారు. మన దేశపు డబ్బుతో అలాంటి కారు వచ్చిందని ఆ పిల్లలకు తప్పకుండా చెప్పండి, ఒక ఫొటో ప్రింట్ తీసి పెట్టండి. ఎంజీ సైబర్‌స్టర్ లాంటివి మాత్రం మనల్ని ఇంకా కొన్నాళ్లు వాదించుకునేలా చేస్తాయి. రెండు సీట్లు, తెరుచుకునే టాప్, 510 హార్స్‌పవర్, బరువు దాదాపు 2 టన్నులు. ఆకారం రోడ్‌స్టర్‌ది, స్వభావం జీటీది.

చిత్తూరు_వీ8:

ఆ మస్టాంగ్ నాదే. కట్టమంచి నుంచి వస్తాను. అందరూ రాసింది మొత్తం చదివాను. సూపర్‌కార్ వరస అడిగింది నేను కాదు, మా తమ్ముడు. నాకు పోనీ కార్ బోర్డే కావాలి. దానికింద ‘1964, ఫాల్కన్ భాగాల మీద కట్టిన మొదటి మస్టాంగ్’ అని ఒక లైను రాయండి. ఎనిమిది సిలిండర్లు పిల్లలు చూసేలా బానెట్ తెరిచే ఉంచుతాను. ఒక్క మాట, ఆ మండపం గేటు దగ్గర ర్యాంప్ ఎలా ఉంది? ముందు బంపర్ తగిలితే మనసు ఊరుకోదు.

ఎయిర్‌బైపాస్_కుర్రోడు:

అన్నా, చాలా థాంక్స్, బోర్డు అలాగే రాస్తాను. ర్యాంప్ కొంచెం నిలువుగానే ఉంది. కేమన్ గురించి మాకూ అదే భయం.

రేణిగుంటరోడ్డు_గ్యారేజ్:

నా దగ్గర మందపాటి చెక్క పలకలు ఉన్నాయి, శనివారం సాయంత్రం వచ్చి ఆటోలో వేసుకెళ్లండి. ర్యాంప్ మొదట్లో రెండు వైపులా పరిచి, కారుని నేరుగా కాకుండా ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒక చక్రం ఎక్కేలా తీసుకురండి. బయట ఒకరు కూర్చుని బంపర్ కింద చూస్తూ చెప్పాలి. కేమన్, మస్టాంగ్ రెండింటినీ ముందు లోపలికి తెచ్చేసి తర్వాత మిగతావి రానివ్వండి. వెనక హారన్‌లు మోగుతుంటే డ్రైవర్ తొందరపడతాడు.